మడ మొక్కల కాపలా

ఫిబ్రవరి 3, సోమవారం

ఉద్యోగం వచ్చింది. నీలం టోపీ, మెడలో వేసుకునే ఈల, గట్టు మీద పాతుకోవడానికి పెద్ద గొడుగు ఇచ్చారు. బురద మేట మీద కొత్తగా నాటిన మడ మొక్కలకి నేను కాపలా. వర్షాలు పడేదాకా మొక్కలు బతికుంటే పర్మనెంట్ చేస్తానంది ప్రాజెక్టు మేడమ్.

బస్సు క్లీనర్‌గా చేశాను, టైర్ల షాపులో చేశాను, ఐస్ ఫ్యాక్టరీలో చేశాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచీ కుదురు లేనివాడని నాకు పేరు. ఈసారి చూపిస్తాను.

నాన్న వల బాగు చేసుకుంటూ టోపీ వంక చూశాడు. "మొక్కలకి కాపలా ఏంట్రా? లేచి పారిపోతాయా?"

"దొంగలు పీకేస్తారు నాన్నా."

"పీక్కెళ్లి ఏం చేసుకుంటార్రా? తల్లో పెట్టుకుంటారా?"

అమ్మ పొద్దున బురదలో తవ్వి తెచ్చిన గుల్లలు కడుగుతోంది. చిప్పల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందంటే ఒక్క ముక్క అనలేదు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయనుకుంటా.

ఫిబ్రవరి 5, బుధవారం

గట్టు మీద కూచుంటే మొత్తం కనిపిస్తుంది. వరసలు వరసలుగా మొక్కలు, ఒక్కోదానికి ఊతంగా ఒక పుల్ల, పుల్లకి ఎర్ర రిబ్బన్ ముక్క. పోటు వచ్చినప్పుడు రిబ్బన్లు కూడా మునిగిపోతాయి. నీళ్లు దిగాక బురద మెరుస్తుంది, మొక్కలు తల దులుపుకుని లేస్తాయి. నాకు తెలీకుండానే వాటికేసి నవ్వాను.

మడ అడవి లేచిందంటే తుఫాను అల దాన్లోనే విరిగిపోతుందని మేడమ్ చెప్పింది. కిందటేడు కింద వీధి సగం పోయింది. మా ఇంటి కప్పు ఎగిరి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలీదు. అందుకే ఊరి కమిటీ మీటింగులో అందరూ చేతులెత్తారు. ఒక్కరూ వద్దనలేదు.

గుల్లలు తవ్వే ఆడవాళ్లు వరసల మధ్య నుంచి నడిచి అవతలి బురదకి పోవచ్చు. వరసల్లో మాత్రం తవ్వే కొక్కెం వెయ్యకూడదు. అది రూలు. అమ్మ, అక్క, మా వీధి వాళ్లందరూ వంగి నడుస్తూ పోతుంటారు. వాళ్లుండడం నాకు ధైర్యం. ఎవరైనా కొత్తవాడు దిగితే కేకేస్తారు.

ఫిబ్రవరి 8, శనివారం

ఒక వరస మొత్తం పోయింది!

పుల్లలతో సహా. చుట్టూ వెతికాను. అడుగుల గుర్తులు ఏం ఉంటాయి, పోటు వచ్చి అన్నీ తుడిచేసింది. గొడ్లు తొక్కాయేమోనన్నాను. మేడమ్ బూట్లతో బురదలోకి దిగి వేలు పెట్టి చూసింది. "గొడ్డు తొక్కితే విరుగుతుంది. ఇది వేరుతో సహా లాగారు. చేత్తో."

చేత్తో అన్నప్పుడు నా చేతుల వంక చూసిందా? చూసిందనే అనిపించింది.

ఫిబ్రవరి 9

అమ్మని అడిగాను, నిన్న బురదలో కొత్తవాళ్లెవరైనా కనిపించారా అని.

"కొత్తవాళ్లెవరూ రాలేదు."

"బాగా గుర్తు తెచ్చుకో."

"గుర్తు తెచ్చుకోడానికేముందిరా, అక్కడ మేమే ఉన్నాం."

అమ్మ మాట నిజమే. అంటే దొంగ నీళ్ల వైపు నుంచి వచ్చాడు.

ఫిబ్రవరి 11, మంగళవారం

నీళ్ల వైపు నుంచి వచ్చేది ఒక్కడే. పీతల బాబాయ్.

చుట్టం కాదు, అందరికీ బాబాయే. చిన్న పడవలో వచ్చి పాయ అంచున పీతల బోనులు పెట్టుకుంటాడు. మొక్కలు నాటిన రోజు మేడమ్‌తో గొడవ పడ్డాడు. "ఈ పుల్లలు నా బోనులకి అడ్డం తగుల్తున్నాయమ్మా" అన్నాడు. "కాస్త జరిపి పెట్టుకోండి" అంది. "పీతల్ని కూడా జరగమని చెప్పండి మరి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆ మాటలో ఏదో ఉంది.

ఫిబ్రవరి 12

బాబాయ్ నన్ను చూసి చెయ్యూపాడు. ఎప్పుడూ ఊపడే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇంకో వరసన్నర.

ఈసారి నేను అక్కడే ఉన్నాను. గొడుగు కిందే. నీళ్లు దిగినప్పటి నుంచి మళ్లీ వచ్చేదాకా కళ్లు తిప్పలేదు. ఒక్కసారి మాత్రం టీ తాగడానికి పోయాను, అది కూడా అక్కకి చెప్పి పోయాను, కాస్త చూస్తుండవే అని. "నువ్వెళ్లి రా, మేం చూసుకుంటాం" అంది.

టీ కొట్టువాడి మీద కూడా అనుమానంగా ఉంది. ఇవాళ టీ ఇవ్వడానికి చాలా ఆలస్యం చేశాడు. పాలు కాగలేదట.

ఫిబ్రవరి 15

అమ్మ అన్నం పెడుతూ అడిగింది, "మీ మేడమ్ ఈ మొక్కలు ఎందాకా పెడతారట?"

నేను వివరంగా చెప్పాను. ఈ ఏడు పాయ దాకా, వచ్చే ఏడు రాళ్ల గుట్ట దాకా, ఆ పైయేడు మేట మొత్తం అడవే.

"మేట మొత్తమా?"

"మొత్తం. లోపల నడవడానికి కూడా సందుండదు, అంత చిక్కగా వస్తాయి."

అమ్మ చెయ్యి అన్నం గిన్నెలోనే ఉండిపోయింది. తర్వాత నాకు ఇంకాస్త వడ్డించింది. మొదట్లో పట్టించుకోలేదు గానీ అమ్మకి కూడా ఆసక్తి పెరిగింది. మంచిదే.

ఫిబ్రవరి 17, సోమవారం

బుట్ట సగమే నిండుతోంది అమ్మకి ఈ మధ్య. డాక్టర్‌కి చూపించుకోమన్నాను. "మోకాళ్లకేం రోగం, బానే ఉన్నాయి" అంది. మరి బుట్టకేం రోగం?

ఫిబ్రవరి 20

ఈ నాలుగు రోజులూ నీళ్లు సరిగా దిగలేదు. బురద బయటపడితేగా గుల్లలకి పోవడానికి, ఆడవాళ్లు ఇంటి పట్టునే ఉన్నారు. ఒక్క మొక్క కూడా పోలేదు. బాబాయ్ మాత్రం పడవలో రోజూ వచ్చి పోయాడు.

దీన్ని బట్టి ఒకటి అర్థమవుతోంది. నేను గట్టిగా కాపలా కాస్తున్నానని తెలిసి భయపడ్డాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

మేడమ్ ఆఫీసుకి పిలిచింది. కూచోమంది. కూచోమన్నారంటే మంచిది కాదు, నాకు అలవాటే.

డబ్బిచ్చే పెద్దవాళ్లు నెలాఖరుకి చూడ్డానికి వస్తున్నారట. శనివారం నుంచి మళ్లీ మూడు వరసలు పోయాయి. "నీ మీద నాకు అనుమానం లేదు" అంది. అనుమానం లేనివాళ్లు ఆ మాట అనరు. "కానీ నువ్వక్కడుండగా పోతున్నాయి. ఎవరో ఒకరు నీకు తెలిసే ఉండాలి."

ఎవరు? అందరూ. కమిటీ ప్రెసిడెంట్ మీద అనుమానం, ఐస్ ఫ్యాక్టరీ ఆయనదే, నేను మానేసినందుకు కోపం. మా బావ మీద అనుమానం, ఈ కాపలా ఉద్యోగం ముందు ఆయన అడిగాడు. టీ కొట్టువాడి మీద ఎలాగూ ఉంది. ఇంటికొస్తుంటే కుక్క మొరిగింది, దాని మీద కూడా.

ఉద్యోగం పోతే మళ్లీ అదే మాట. వీడు కుదురుగా ఉండడు. వీధి మొత్తం అంటుంది. నాన్న అనడు, నవ్వుతాడు. అది ఇంకా కష్టం.

ఫిబ్రవరి 25, మంగళవారం

దొరికాడు.

నీళ్లు తిరిగి ఎక్కుతుండగా చూశాను. బాబాయ్ పడవ దిగి మోకాల్లోతులో నిలబడ్డాడు. చేతిలో గుప్పెడు మడ మొక్కలు! వేర్లతో సహా కనిపించాయి. ఈల ఊదాను. ఊపిరంతా పెట్టి ఊదాను.

"ఏంట్రా అబ్బాయ్, చెవులు పగలగొడతావా?"

"అవేంటి బాబాయ్ చేతిలో?"

"నా బోనుల్లో చిక్కుకున్నాయిరా. కొట్టుకొచ్చాయి. ఎవరో లాగి పారేస్తున్నారు."

"ఎవరో అంటే ఎవరు?"

ఆయన గట్టు వైపు చూశాడు, బుట్టలు నెత్తిన పెట్టుకుని ఇళ్లకి పోతున్న ఆడవాళ్ల వైపు. తర్వాత నా వైపు చూశాడు.

"నాకేం తెలుసు" అన్నాడు.

తెలియనివాడు అంతసేపు ఆలోచిస్తాడా? సాయంత్రం మేడమ్‌కి, ప్రెసిడెంట్‌కి చెప్పాను. లాగుతుంటే చూశావా అని మేడమ్ అడిగింది. చూశాను అన్నాను. చేతిలో చూశానుగా, ఒకటే.

ఫిబ్రవరి 26

బాబాయ్ బోనులన్నీ కమిటీ వాళ్లు తెచ్చి ఆఫీసు వెనక పడేశారు. ఇక పాయలోకి రాకూడదన్నారు. ఆయన వాదించలేదట. వాదించకపోవడమే రుజువు అన్నాడు ప్రెసిడెంట్.

మేడమ్ నా భుజం తట్టింది. ఇంట్లో చెప్పాను. నాన్న వల పక్కన పెట్టేశాడు. "వాడా? నువ్వు చూశావా?"

"చూశాను."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ లేచి పెరట్లోకి పోయింది. కుళాయి నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

పెద్దవాళ్ల రాక వచ్చే నెలకి వాయిదా. మొక్కలు క్షేమం. చెప్పానా?

మార్చి 2

మూడో రోజు కూడా క్షేమం. అమ్మ రెండ్రోజులుగా బురదకి పోలేదు. అక్క కూడా. వంట్లో బాలేదంటున్నారు. ఇద్దరికీ ఒకేసారి.

మార్చి 5, బుధవారం

రెండు వరసలు.

బాబాయ్ కక్షతో ఇంకెవరి చేతో చేయిస్తున్నాడు. అంతే అయ్యుంటుంది. అంతే.

మార్చి 6

పొద్దున స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తుంటే ఒక పుల్ల చివర ఎర్రగా ఏదో అంటుకుని ముడుచుకుపోయింది. రిబ్బన్ లాగే ఉంది. కొట్టుకొచ్చిన పుల్లలు అమ్మ ఏరుకొచ్చి ఉంటుంది. చాలామంది ఏరుకుంటారు. నీళ్లు బాగా కాగాయి.

మార్చి 7

బాబాయ్ చేతిలో మొక్కలే ఉన్నాయి. పుల్లలు ఒక్కటీ కొట్టుకురాలేదేం?

మార్చి 8, శనివారం

ఇవాళ గొడుగు కింద కూచోలేదు. టోపీ తీసి జేబులో పెట్టుకుని బురదలోకి దిగాను. కాలు దిగితే పిక్క దాకా పోతోంది. ఆడవాళ్ల వెనకే, కాస్త దూరంగా నడిచాను. ఎవరూ తిరిగి చూడలేదు. అందరూ వంగే ఉన్నారు.

అమ్మ చెయ్యి చూశాను. కొక్కెం బురదలో దిగుతుంది, తిరుగుతుంది, గుల్ల బయటికొస్తుంది, బుట్టలో పడుతుంది. మళ్లీ దిగుతుంది, తిరుగుతుంది, ఈసారి మొక్క వస్తుంది. అది నీళ్లలోకి పోతుంది. పుల్ల బుట్టలో, గుల్లల కిందకి. ఒక్క క్షణం ఆగదు. ఊపిరి కూడా మారదు. పక్కన అక్క. అక్క పక్కన మా ఎదురింటి పెద్దమ్మ. ఇన్నాళ్లూ గట్టు మీద నుంచి ఇదే చూశాను నేను. కళ్లు తిప్పకుండా చూశాను.

ఈల నోట్లో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలీదు. ఊదాను.

అందరూ ఒకేసారి నడుములెత్తారు. అమ్మ నన్ను చూసింది. భయపడలేదు. బుగ్గ మీద బురద మోచేత్తో తుడుచుకుంది.

"ఊదరా. ఇంకా ఊదు. నీళ్లు వచ్చేస్తాయి, మా పని మాకుంది."

"అమ్మా, నువ్వా?"

"నేనే. ఏం, నా బురదలో నేను చెయ్యి పెట్టకూడదా?"

"అందరూ ఒప్పుకున్నదే కదా! మీటింగ్ పెట్టారు, చేతులెత్తారు."

"ఎవరు ఎత్తారు? నేను ఎత్తానా? మీ అక్క ఎత్తిందా?"

"రావాల్సింది. పొద్దున పదింటికని చాటింపు కూడా వేశారు."

ఎదురింటి పెద్దమ్మ గట్టిగా నవ్వింది. "ఆ రోజు పదింటికి నీళ్లెక్కడున్నాయిరా నాయనా?"

ఆ రోజు పదింటికి నేను మీటింగులో ఉన్నాను. కిటికీలోంచి బురద మెరుస్తూ కనిపిస్తోంది. నీళ్లు పూర్తిగా దిగిన టైము. ఊళ్లో ఆడవాళ్లంతా ఇక్కడున్నారు, ఇలాగే వంగి. గదిలో మేం చేతులెత్తాం. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని మేడమ్ రెండుసార్లు అడిగింది కూడా.

"తుఫాను వస్తే మళ్లీ ఇల్లు పోతుందమ్మా."

"తెలుసు. ఆ కప్పు కింద పడుకున్నది నేను కాదా? అడవి వద్దని నేనన్నానా? తవ్వుకునే చోటంతా అడవి పెడితే, తుఫాను వచ్చేదాకా ఏం తిని ఉండాలో అది కూడా చెప్పమను."

నాకు ఇంకో ప్రశ్న ఉంది. అది అడగాలని లేదు గానీ అడిగాను.

"మరి బాబాయ్?"

అప్పుడు అమ్మ తల దించింది. అక్కే చెప్పింది. "బోనుల్లో చిక్కిన మొక్కలు చూసి ఆయనకి మొదట్నుంచీ తెలుసురా. నోరెత్తలేదు. అమ్మ చెబుదామనే అంది. చెబితే నీ ఉద్యోగం పోతుంది కదా. నువ్వేమో చూశానని చెప్పి కూచున్నావు. ఎవర్ని కాపాడమంటావు?"

నీళ్లు కాళ్ల దగ్గరికి వచ్చేశాయి. అందరూ బుట్టలెత్తుకున్నారు. అమ్మ నా వెనకే నడిచింది.

మార్చి 9

కాపలాకి పోలేదు.

మార్చి 10

పోలేదు. తలనొప్పని కబురు పంపాను. నాన్న అన్నాడు, "వాడి బోనులు ఎండకి తాళ్లు ఊడిపోతున్నాయట." వల వైపు చూస్తూనే అన్నాడు.

మార్చి 11, మంగళవారం

మేడమ్ ఆఫీసుకి పోయాను. కూచోమంది. నిలబడే చెప్పాను. బాబాయ్ లాగుతుంటే నేను చూడలేదని చెప్పాను. మరి ఎవరు అంది. తెలుసు, చెప్పనన్నాను. మేడమ్ ముఖం ఎర్రబడింది.

"నువ్వు నన్నేమనుకుంటున్నావు? ఇదేమన్నా ఆటా?"

"ఇంకో మీటింగ్ పెట్టండి మేడమ్."

"ఒకటి పెట్టాం కదా, అందరూ..."

"పోటు మీదున్నప్పుడు పెట్టండి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు."

అర్థం కాలేదు మొదట. ఆమె వెనక గోడకి పోటు టైముల పట్టిక ఉంది. ఏ రోజు ఏ గంటకి నాటాలో అందులో చూసే చెబుతుంది. అటు తిరిగింది. వేలు పెట్టి పాత మీటింగ్ తేదీ వెతికింది. వేలు అక్కడే ఆగింది.

బయటికొచ్చాక నాకు కొత్త అనుమానం పట్టుకుంది. నిజంగా తెలీకనే పెట్టారా ఆ టైముకి? ప్రెసిడెంట్‌కి తెలీదా? ఆయన పుట్టింది ఇక్కడే. ఆయన భార్య బురదలోకి పోదు, అంతే తేడా. ఏమో. దీనికి రుజువు లేదు. రుజువు లేకుండా ఇక చెప్పను.

మార్చి 15, శనివారం

మీటింగ్ అయింది.

గది పట్టలేదు. ఆడవాళ్లు కిటికీల్లో కూడా కూచున్నారు. అంతమందిని ఆ గదిలో నేనెప్పుడూ చూడలేదు. బాబాయ్ రాలేదు. ప్రెసిడెంట్ లేచి దొంగ సంగతి ఎత్తాడు. నేను లేచాను.

"బాబాయ్ కాదండీ. నేను చూడకుండా చూశానని చెప్పాను."

"మరెవరు? కాపలా పెట్టింది నిన్ను!"

వెనక నుంచి అమ్మ గొంతు. "పీకింది నేను. వాడు గొడుగు కింద కూచుని చూస్తుండగానే పీకాను. వాడికి కనపళ్లేదు, వాడేం చేస్తాడు?"

గది మొత్తం పకపకా నవ్వింది. మేడమ్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను నేల వైపు చూశాను. ఇంతలో పెద్దమ్మకి రోషం వచ్చింది. "నువ్వొక్కదానివే పీకావా? పెద్ద గొప్ప! నువ్వు వరస పీకేలోపు నేను రెండు పీకేదాన్ని." ఇంక అంతే. ఎవరు ఎన్ని పీకారో చెప్పుకోవడంతోనే కాసేపు పోయింది. ప్రెసిడెంట్ బల్ల చరిచాడు. ఎవరూ వినలేదు.

తర్వాత గొడవ నిజంగా మొదలైంది. మేడమ్ అల ఏ వైపు నుంచి వస్తుందో బొమ్మ గీసింది. అమ్మ ఆ బొమ్మ మీదే గుల్లలుండే చోటు చూపించింది. రెండూ చాలావరకు ఒకే చోట పడ్డాయి. మధ్యలో తవ్వకానికి బాటలు వదిలి నాటితే అల ఆగుతుందా అని అక్క అడిగింది. తెలీదు, లెక్క వేయించాలి అంది మేడమ్. తెలీదని ఆమె అనడం నేను వినడం ఇదే మొదలు. పోటు తియ్యడం మొదలైంది. ఆడవాళ్లు కిటికీలోంచి నీళ్ల వైపు చూసి లేచారు. మళ్లీ కూచోవాలి. ఏదీ తేలలేదు.

ఒక్కటి తేలింది. కాపలా నాకు ఇక లేదు. టోపీ, ఈల బల్ల మీద పెట్టాను. గొడుగు రేపు తెస్తానన్నాను.

మార్చి 16, ఆదివారం

ఆఫీసు వెనక నుంచి బోనులన్నీ బండి మీద వేసుకుని బాబాయ్ ఇంటికి తోసుకుపోయాను. వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి మాటలాపారు. నేను దాటాక మళ్లీ మొదలుపెట్టారు. ఎవరి గురించో నాకు తెలుసు.

బాబాయ్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

"బాబాయ్, తప్పయింది."

"అక్కడ దింపు."

దింపాను. ఆయన ముక్కాలిపీట తెచ్చుకుని కూచున్నాడు. మొదటి బోను ఒళ్లోకి తీసుకుని తిప్పి చూశాడు. వలలో వేళ్లు పెట్టి కన్ను కన్నూ లాగాడు. తలుపు తెరిచి మూశాడు, ముడి విప్పి మళ్లీ వేశాడు. నేనేమైనా కోశానేమో, ఏదైనా పెట్టానేమో చూస్తున్నాడు. అది పక్కన పెట్టి రెండోది అందుకున్నాడు.

"నేనేం చెయ్యలేదు బాబాయ్" అనబోయాను. అనలేదు.

ఆయన ఇంకోటి కావాలన్నట్టు చెయ్యి చాపాడు, నా వైపు చూడకుండానే. అందించాను. అన్నీ చూసేదాకా అక్కడే నిలబడి ఒక్కొక్కటే అందిస్తూ ఉన్నాను.